హస్తవాసి అక్కరలేని ఊరగాయ

మా చిన్నత్త పోయింది. ఆ కబురు నాకు చెప్పింది తిరుపతిలో మా ఇంటి పక్కనున్న మందుల అంగడాయన. మాకు ఫోను లేదు. చిత్తూరు నుంచి ఏ మాట రావాలన్నా ఆయన అంగడికే రావాలి. పొద్దున్నే షట్టరు సగం ఎత్తి, మా మెట్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ ఐసుపెట్టె అత్తమ్మ పోయినారంట. తెల్లారుజామున, నిద్రలోనే. ఆలీసెం చెయ్యకుండా రమ్మన్నారు" అన్నాడు. ఆమె పేరు ఆయనకు తెలియదు. ఆమె తిరుపతి వచ్చినప్పుడల్లా వాళ్ళ పిల్లలకొక ఊరగాయ సీసా ఇచ్చి పోయేది, అంతే పరిచయం.

ఐసుపెట్టె అత్త అన్న పేరు మా బంధువులు ఎగతాళికి పెట్టింది. ఆమె ఆ పేరును కాదనలేదు, సిగ్గుపడలేదు, పెండ్లి పత్రికలో కూడా అదే వేయించుకోమంటే వేయించుకునేదే. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు "పరమ శాంతమూర్తి, చీమకైనా అపకారం చేయని మనిషి" అని రాయడం మర్యాద. నేను ఆ మర్యాద పాటించలేను. మా చిన్నత్త శాంతమూర్తి కాదు. ఎవరికి ఎక్కడ తగలాలో చూసి అక్కడే తగిలేలా మాట అనేది, అన్నాక వెనక్కి తీసుకునేది కాదు. ఆ మాటల వల్లనే నేనీ రోజు ఒక సంసారంలో ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

ఆమె మా మామగారి తమ్ముడి భార్య. చిత్తూరులో బెల్లం మండీ మీద బతికే ఉమ్మడి ఇల్లు మాది. మా చిన్నమామకు మాత్రం మండీ పడలేదట. ఈగలూ, గోనెసంచులూ, నాకెందుకని బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల అంగడి పెట్టుకున్నాడు. నేను కోడలిగా రాకముందే ఆయన జబ్బుపడి పోయాడు. అంగడి ఎత్తేశారు. అందులోని ఫ్రిజ్జు ఒంటెద్దు బండి మీద ఇంటికొచ్చింది. ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియక వెనక వసారాలో పెట్టారు. భర్త పోయాక ఆమెనూ ఆ వసారాలోనే పెట్టారు.

ఆ వసారా గురించి రెండు మాటలు చెప్పాలి. ఇంటికి అంటు తగలకూడదనుకున్నవన్నీ అక్కడికే తోసేవాళ్ళు. బయట చేరిన ఆడవాళ్ళు మూడు రోజులూ అక్కడే. చాప అక్కడే, చెంబు అక్కడే. ఒక గోడ వారగా మేము, ఇంకో గోడ వారగా చిన్నత్త, మధ్యలో గుర్రుగుర్రుమంటూ ఆ ఫ్రిజ్జు. దాంట్లో నీళ్ళు తాగితే గొంతు పడతాదని మా అత్త, కరెంటు తింటాదని మామ, మొత్తానికి దాన్ని ముట్టుకునే దిక్కులేదు. చిన్నత్త ఒక్కతే దాని తలుపు తెరిచేది. కరెంటు పోతే జ్వరమొచ్చిన బిడ్డకు కప్పినట్టు దానికి బొంత కప్పి, "ఎవురూ తలుపు తియ్యొద్దు, సలి బయటికి పోతాది" అని కాపలా కూర్చునేది.

దాంట్లో ఆమె చేసేది తీపి ఊరగాయ. మా సీమలో ఊరగాయంటే కారం, నూనె, ఎండ. తీపి ఊరగాయ అంటే నవ్వుతారు, అది చలిపెట్టెలో చేస్తారంటే ఇంకా నవ్వుతారు. ఆమెకది వేలూరు ఆస్పత్రిలో తెలిసింది. చిన్నమామ అక్కడ నెల రోజులున్నాడు. ఏది పెట్టినా కక్కేవాడట. ఒక మలయాళం నర్సమ్మ తన గదినుంచి ఒక గాజు సీసా తెచ్చి, కీరదోసకాయ చక్రాలు రెండు ఆయన నాలుక మీద పెట్టింది. చల్లగా, తియ్యగా, కొసకు పుల్లగా ఉన్నాయట. ఆయన నమిలి మింగి "ఇంకొకటి" అన్నాడట. ఆ నెలంతటిలో ఆయన ఇంకొకటి అడిగింది అదొక్కసారే. మరుసటి రోజు చిన్నత్త ఆ నర్సమ్మ వెంటపడి, భాష రాకపోయినా పక్కన నిలబడి చూసి నేర్చుకుంది. ఆయన కోసం రెండోసారి చేసేలోగా ఆయనే లేడు. తర్వాత ఊరికే ఉండలేక చేస్తూనే ఉండింది.

ఇక నా సంగతి. నాది పుత్తూరు. పెళ్ళయిన మొదటి ఎండాకాలం మా అత్త అయిదు జాడీల మామిడికాయ ఊరగాయ పెట్టింది. మా అత్త హస్తవాసికి చిత్తూరులో పేరు. పెద్ద జాడీలోంచి చిన్న జాడీలోకి కొంచెం తీసిపెట్టమని నాకు చెప్పింది. కొత్త కోడలి ఉత్సాహం, గంటె శుభ్రంగా కడిగాను. కడిగి రెండుసార్లు విదిలించాను. తుడవలేదు. అలాగే ముంచాను. పదిరోజుల తర్వాత మూతికి కట్టిన వాసెనగుడ్డ విప్పితే జాడీ మీద దూది పరిచినట్టు తెల్లగా బూజు.

నాకు చూడగానే తెలిసింది, నా గంటె తడి. చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లను, భయం వేసింది. చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేదేమో. చెప్పకపోవడంతో అది నా తప్పు కాకుండా నా చెయ్యి అయింది. "దాని చెయ్యి అచ్చిరాలే" అన్నారు. అదే నెలలో నాకు మూడో నెల కడుపు పోయింది. ఇంక చూడండి, రెండూ ముడిపడిపోయాయి. బూజు చెయ్యి కోడలని పేరు పడింది.

మా అత్త చెడ్డ మనిషి కాదు. భయస్తురాలు. భయస్తులు చేసే చెడు కూడా తక్కువేం కాదని నాకు ఆ యేడు తెలిసింది. పాలు తోడుపెట్టకూడదు. దోసెపిండి కలపకూడదు. అప్పడాల పిండి ముట్టకూడదు. పక్కింట్లో పసిబిడ్డ తలకు నూనె అంటుతుంటే నేను చెయ్యి చాపితే బిడ్డను లోపలికి తీసుకుపోయారు. "పుత్తూరులో విరిగిన చేతులకంతా కట్టు కడతారే, అచ్చిరాని చేతికి కట్టు లేదా మ్మే?" అని మా అత్త నలుగురిలో అంటే నలుగురూ నవ్వారు. నవ్వు అయిపోయాక మామగారు గొంతు సవరించుకుని, "కొన్నాళ్ళు అమ్మగారింట్లో ఉండి రానీ" అన్నారు. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయనకు నగరిలో ఒక సంబంధం ఉందని కూడా ఎవరో అప్పుడే గుర్తు చేసుకున్నారు. మా ఆయన తల వంచుకుని అన్నం తిన్నాడు. ఆయన ఇది చదువుతాడు. చదవనీ.

ఆ వారమే నేను బయట చేరాను. వసారాలో గోడకు ముఖం పెట్టి పడుకుని ఉంటే చిన్నత్త వచ్చి నా కాళ్ళ దగ్గర ఒక బుట్టెడు కీరదోసకాయలు కుమ్మరించింది.

"లెయ్యి పాపా. ఇవి కొయ్యి."

"నేనా? నేను బయట ఉండాను చిన్నత్తా. పైగా ఊరగాయ."

"ఉంటే? దోసకాయకు తెలుస్తాదా? ఐసుపెట్టెకు తెలుస్తాదా?"

నేను కదల్లేదు. నా చెయ్యి సంగతి ఆమెకూ తెలుసు కదా అన్నాను. ఆమె నా పక్కన కూర్చుంది. గొంతు తగ్గించలేదు, తగ్గించడం ఆమెకు రాదు.

"ఆ దినం నువ్వు గంటె కడిగి తుడవకుండా ముంచినావు. నేను ఈడినుంచే సూసినాను."

సూసి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏమైతాది? తడి గంటె అని ఎవురన్నా అంటారా? నేను చెప్తే నా నోరు కూడా అచ్చిరాలే అంటారు. సూడు పాపా, నీది తప్పు. తలరాత గాదు. తప్పుకు దిద్దుబాటు ఉండాది, తలరాతకు లేదు. నీది తప్పని సంతోషపడు."

తప్పు చేశావని చెప్పి మనిషికి ప్రాణం పోయడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆ రోజు నేను ఏడ్చాను, ఏడుస్తూనే దోసకాయలు కోశాను.

ఆమె పద్ధతి చెప్తాను, కావాలంటే మీరూ చేసుకోండి. లేత కీరదోసకాయలు కడిగి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడవాలి. తుడవడం అంటే తుడవాలి, విదిలించడం కాదు. పలుచగా చక్రాలు కోసి, ఉల్లిపాయ చీలికలు కలిపి, ఉప్పు చల్లి రెండు గంటలు పక్కన పెట్టాలి. ఊరిన నీళ్ళు పిండి పారబోయాలి. వెనిగరులో దానికి సగం చక్కెర, చిటికెడు పసుపు, ఆవాలు, నాలుగు మిరియాలు వేసి చక్కెర కరిగేదాకా కాచి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఆత్రపడి వేడిమీద పోస్తే ముక్క మెత్తబడుతుంది. గాజు సీసాలో ముక్కలు నింపి, మునిగేదాకా పోసి, మూత బిగించి ఫ్రిజ్జులో ఒక రోజు మరిచిపోవాలి. ఇందులో మంత్రం లేదు, మంచిరోజు లేదు.

అయినా నేను మొదటి సీసా పాడు చేశాను. అది మా వాళ్ళు మాత్రమే చేయగల పని. చిన్నత్త రెండు రోజులు శ్రీకాళహస్తిలో వాళ్ళ అన్నగారింటికి పోయింది. నేను తలస్నానం చేసి ఇంట్లోకి చేరాక, సీసా మీదే మనసంతా. ఈసారి ఏ లోటూ రాకూడదనుకున్నాను. ఏ ఊరగాయకైనా మూడెండలు చూపించాలని పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కదా. దొంగచాటుగా ఫ్రిజ్జులోంచి తీసి మిద్దె మీద ఎండలో పెట్టాను. రెండో మధ్యాహ్నానికి మూత ఎగిరింది. నురుగు, పుల్లటి వాసన, చీమలు. నా చెయ్యి నిజంగానే అచ్చిరాదని ఆ మిద్దె మీద కూలబడ్డాను.

చిన్నత్త ఊరినుంచి వచ్చి సీసాను వాసన చూసి, "ఏమైంది దీనికి?" అంది. మూడెండలు సూపిద్దామనుకున్నానని చెప్పాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుని, గోడ పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. భర్త పోయిన ఆడది అట్లా పగలబడి నవ్వకూడదని లోపలినుంచి ఎవరో దగ్గారు. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది.

"మామిడికాయకు ఎండ కావల్ల పాపా, దీనికి సలి కావల్ల. దాని పద్ధతి దీనికి పెట్టినావు, అంతే. ఈ ఊరగాయకు హస్తవాసి అక్కర్లే. తడిలేని సీసా, సల్లని పెట్టె ఉంటే సాలు. ఇంకో సీసా కడుగు."

రెండో సీసా బాగా వచ్చింది. మూడోది ఇంకా బాగా. నాలుగోదాంట్లోంచి ఎవరికీ చెప్పకుండా మా ఆయన అన్నం తట్టలో నాలుగు చక్రాలు వేశాను. తిని, ఇంకో నాలుగు వేయమన్నాడు. ఎవరు చేశారని అడగలేదు, నేను చెప్పలేదు. ఇంట్లో పెళ్ళి ఉందని నన్ను అమ్మగారింటికి పంపడం వాయిదా పడింది. నగరి సంబంధం మాట మాత్రం అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది.

ఈలోగా ఇంకో గొడవ. వెనిగరు సీసాలు వేలూరునుంచి తెప్పించుకునేది ఆమె. మండీ గుమాస్తా ఆ సీసా చూసి, చిన్నమ్మ సారా తెప్పిస్తా ఉండారని మామగారి చెవిన వేశాడు. మామగారు వసారా గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి చూడకుండా, గోడతో మాట్లాడినట్టు, "ఈ ఇంట్లో ఇట్టాంటివి వద్దు" అన్నారు. బావగారి ముందు ఆడవాళ్ళు ఎదురుగా నిలబడే ఆచారం మా ఇంట్లో లేదు. చిన్నత్త ఎదురుగా వచ్చి, చెంచాడు వెనిగరు పోసి చాపింది. "రవ్వంత సూడండి బావా. సారా అయితే మీకు తెలీకుండా పోతాదా?" అంది. ఆయన తాగలేక, తాగననలేక నాలుకకు తాకించుకున్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత సారా మాట ఎవరూ ఎత్తలేదు.

అసలు సంగతి మా ఆడబిడ్డ పెళ్ళిలో జరిగింది. పెళ్ళికి ముందు ముత్తయిదువలు పసుపు దంచాలి. పెళ్ళికూతురి సొంత వదినను నేను, రోకలి పట్టే హక్కు నాకే ముందు. పదిమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. రోలుకు దారం కట్టారు. నేను లేచి రోకలి అందుకోబోతే మామగారి మేనత్త, ఇంటికి పెద్ద ముసలామె, రోకలికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"నువ్వొద్దు మ్మే. పసుపు మంగళానికి దంచేది. నీ చెయ్యి తగిలితే జాడీ బూజు పట్టె, కడుపు నిలవకపాయ. కన్నెపిల్ల పెండ్లి ఇది."

మా అత్త పసుపుకొమ్ములు సర్దుతున్నట్టు తల వంచుకుంది. ఆ రోకలి ఆ రోజు నా చేతికి రాకపోతే ఆ ఇంట్లో నాకు చోటు లేదని నాకూ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. మా అమ్మ ఒక మూల కూర్చుని ఉంది. ఆమె ముఖం చూడలేకపోయాను.

వితంతువు పసుపు దంచే చోటికి రాకూడదు. చిన్నత్త వెనక గుమ్మం అవతల నిలబడి ఉంది. గుమ్మం దాటింది. నేరుగా రోలు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ జాడీలో తడి గంటె పెట్టింది ఈ పాప గాదు. నేను" అంది.

ముసలామె "ఏందీ?" అంది.

"మద్యాన్నం ఆకలైంది. అందురూ పడుకోనుండారు. కడిగిన గంటెతో ఊరగాయ తీసుకోని తిన్నాను. తుడవలే."

ఒకరిద్దరు చెవులు మూసుకున్నారు. "ముండమోసిన చెయ్యి జాడీలో పడిందా, అందుకే," అన్నారు ఎవరో. అది వినాలనే ఎదురు చూస్తున్నట్టు చిన్నత్త అటు తిరిగింది.

"చెయ్యి గాదు, తడి. ఆ తడికి ముత్తయిదువ తెలీదు, ముండమోసింది తెలీదు. మీరు పెట్టినా బూజే, నేను పెట్టినా బూజే. ఇదిగో అక్కా, పాపకు రోకలియ్యి. పొద్దెక్కతా ఉండాది."

మా అత్త పసుపుకొమ్ములు పక్కన పెట్టి లేచింది. తర్వాత రోకలి నా చేతికిచ్చింది. నేను దంచాను. నోరు మాత్రం తెరవలేదు. నా తప్పును ఆమె తన నెత్తిన వేసుకుంటే నేను అయిదు పోట్లు వేసి పక్కకు జరిగాను. ఇన్నేళ్ళలో నాకు నా మీద కోపం వచ్చిన రోజుల్లో ఆ రోజుదే పెద్ద కోపం.

దాని శిక్ష ఆమెకు పడింది. పెళ్ళి అయిన మరుసటి రోజునుంచి ఆమెకు వంట వేరు చేశారు. ఇంట్లో పొయ్యి ముట్టకూడదు, ఇంట్లో వండింది ఆమెకు వడ్డించకూడదు. ఈ మాట మామగారు మళ్ళీ గోడతోనే చెప్పారు. "సంతోషం బావా," అంది ఆమె. "ఇంగ ఎవురికి ఏం కావాలన్నా నా పొయ్యి దగ్గరికే రావల్ల." వసారాలో కిరసనాయిలు స్టౌ పెట్టుకుంది. మొండితనం అంటే ఏమిటో నేను అక్కడ చూశాను. మూడు కాళ్ళ కుందేలు అంటే మూడు కాళ్ళే, చివరిదాకా ఇంటి వంట ముట్టలేదు. తర్వాత మా అత్తే మెత్తబడి రమ్మని పిలిచినా పోలేదు.

నేను మాత్రం ఆమెను వేరు చేయలేదు. నాకు మళ్ళీ కడుపు నిలిచి కూతురు పుట్టింది. "సూసినారా, చెయ్యి బాగైంది" అని ఇంట్లో వాళ్ళు సంబరపడితే ఆమె ఒప్పుకోలేదు. "చేతికీ కడుపుకూ ఏం సమ్మందం? అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మంచి జరిగిందని మీ పిచ్చి మాట నిజమైపోతాదా?" అని తిట్టింది. నాకు అనుకూలమైన అబద్ధాన్ని కూడా ఒప్పుకోని మనిషి, నా కోసం పదిమందిలో నిలబడి అబద్ధం చెప్పింది. ఎందుకు చెప్పినావని ఒకసారి అడిగాను. సీసాలు తుడుస్తూ ఉంది. "నాకు ఇంగ పోయేదేముండాది పాపా? నీకు పోయేదానికి మొత్తం ఉండాది" అంది. అంతకంటే ఆ మాట సాగదీయలేదు.

వీధిలో ఆడపిల్లలు బయట చేరితే ఆ వసారాకే వచ్చేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో మూల కూర్చోవడం కంటే అదే నయం. ఒకామె దోసకాయలు తుడిచేది, ఒకామె ఉల్లిపాయలు, చదువుకునే పిల్ల పుస్తకం పైకి చదివేది. ముట్టుకోకూడదన్న చేతులన్నీ కలిసి చేసిన ఊరగాయను, అదెవరు చేశారో తెలియని వీధంతా అన్నంలో నంజుకు తినింది. ఒక మధ్యాహ్నం నేను వసారాలోకి పోతే మా అత్త ఫ్రిజ్జు తలుపు తెరిచి, నిలబడే, సీసాలోంచి వేళ్ళతో తీసుకుని తింటూ ఉంది. నన్ను చూసి తలుపు వేసి, "ఎండ ఎక్కువగా ఉండాది" అని పోయింది. చిన్నత్తకు చెప్తే నవ్వలేదు. "అక్కకు తీపంటే ఇష్టం. పాపం, అడగలేదు గదా" అని మరుసటి రోజునుంచి పైఅరలో ఒక సీసా విడిగా పెట్టడం మొదలుపెట్టింది.

మేము తిరుపతికి కాపురం మార్చాక నేను ఇక్కడ చిన్న ఫ్రిజ్జు కొనుక్కున్నాను. ఆమె చూడ్డానికి వచ్చి, తలుపు తెరిచి మూసి, తెరిచి మూసి, "తలుపు గట్టిగా ఉండాది. మంచిదే" అంది. అంతకు మించిన మెచ్చుకోలు ఆమె దగ్గర నేను వినలేదు.

మొన్న నేను చిత్తూరు చేరేసరికి పది దాటింది. పెరట్లో బల్ల మీద పడుకోబెట్టి ఉన్నారు. గంగాళంలో నీళ్ళు కాగుతున్నాయి. ఆమెకు బిడ్డలు లేరు, స్నానం ఎవరు చేయించాలని ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నేను చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపుకుని బల్ల దగ్గరికి పోయాను. ఎదురింటావిడకు ఏం అనుమానమొచ్చిందో, "ఏమ్మా, నువ్వు బయటేమీ లేవు గదా?" అని అడిగింది.

నాకు అది రెండో రోజు. లేదని ఒక్క మాట చెప్తే చాలు. ఎవరికి తెలుస్తుంది? ఆమె నా కోసం అంతకంటే పెద్ద అబద్ధమే చెప్పింది. కానీ ఆమె ముందు, ఆమె ఆ విధంగా పడుకుని ఉంటే, నాకు అబద్ధం నోటికి రాలేదు.

"బయటే ఉండాను. రెండో దినం. అయినా నేనే పోస్తాను" అన్నాను.

ఆడవాళ్ళు ఒక్క అడుగు వెనక్కి జరిగారు. మా అత్త గంగాళం పక్కన పీట మీద కూర్చుని ఉంది. ముసలిదైపోయింది, చూపు కూడా తగ్గింది. నేను ఆమెవైపు తిరిగాను.

"ఇంకో మాట కూడా ఉండాది అత్తా. ఆ దినం జాడీలో తడి గంటె పెట్టింది చిన్నత్త గాదు. నేను."

చెప్పాలని పదిహేనేళ్ళుగా నాలుక మీద మోసిన మాట, చెప్పేందుకు అరనిముషం పట్టలేదు. ఎవరో "ఇప్పుడెందుకమ్మా అదంతా" అన్నారు. ఎదురింటావిడ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగబోయింది. నేను కదల్లేదు. తోస్తే బల్ల పట్టుకుని నిలబడదామని రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను.

మా అత్త నన్ను చూడలేదు. తోడికోడలి ముఖం వైపే చూస్తూ ఉంది. తర్వాత వంగి, గంగాళంలో చెంబు ముంచి, నావైపు చాపింది.

"నీళ్ళు సల్లారిపోతా ఉండాయి," అంది. "పొయ్యి."

నేను చెంబు అందుకున్నాను. అందుకునేటప్పుడు ఆమె వేళ్ళకు నా వేళ్ళు తగిలాయి, ఆమె వెనక్కి తీసుకోలేదు. ఒక చెయ్యి చిన్నత్త మెడ కింద పెట్టి, ఇంకో చేత్తో తల మీద పోశాను. తెల్లటి జుట్టులోంచి నీళ్ళు బల్ల అంచు మీదుగా కారి పెరట్లోకి పోయాయి. ఆడవాళ్ళు ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ వెళ్ళిపోనూ లేదు. మా అత్త ముంచి ఇస్తూనే ఉంది, నేను పోస్తూనే ఉన్నాను.